చాపంత చోటు చాలు: పసిబిడ్డకు పుస్తకాల మూల



బిడ్డల ఆరోగ్యం గురించి ఈ పేజీల్లో తల్లిపాలు, టీకాలు, జ్వరాలు, విరేచనాలు అంటూ ఎన్నో సంగతులు చెప్పుకుంటూ వచ్చాము. ఈసారి పుస్తకం గురించి చెప్పబోతున్నాము. ఆసుపత్రి పత్రికకు పుస్తకంతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. కడుపుకు తిండి ఎంత అక్కరో, ఎదిగే మెదడుకు మాట అంత అక్కర. ఆ మాటను రోజూ తప్పకుండా బిడ్డకు అందించడానికి పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే చేసుకోగల ఏర్పాటు ఒకటి ఉంది. అదే పుస్తకాల మూల.

పోయిన అరుగు

పాపికొండల మధ్య ఇరుకుగా పారిన గోదావరి మైదానంలోకి అడుగుపెట్టే చోట పోలవరం ఉంది. ప్రాజెక్టు కోసం మొదట ఖాళీ చేసిన ఊళ్లు దాని పక్కనే ఉండేవి: రామయ్యపేట, పైడిపాక, చేగొండపల్లి, సింగన్నపల్లి, మామిడిగొంది, దేవరగొంది, తోటగొంది. ఆ ఊళ్ల వారు, వారి తరువాత ఏటి పైభాగం నుంచి లేచి వచ్చిన మరెందరో, నేడు పునరావాస కాలనీల్లో ఉంటున్నారు. వారిలో కోయలు ఉన్నారు, కొండరెడ్లు ఉన్నారు, తరతరాలుగా ఏటి ఒడ్డున సేద్యం చేసుకున్న ఇతరులూ ఉన్నారు.

ఇటువంటి కాలనీ ఇళ్లకు వెళ్లినప్పుడు బిడ్డ బరువు చూస్తాము, టీకాల కార్డు చూస్తాము. ఆ తరువాత పెద్దవారితో కాసేపు కూర్చుంటాము. మాటల్లో ఎక్కువసార్లు వినబడేది పాత ఇంటి అరుగు. సాయంత్రం పనులయ్యాక ముసలమ్మ ఆ అరుగు మీద కూర్చునేది. పిల్లలు చుట్టూ చేరేవారు. కథ ఉండేది, పొడుపుకథ ఉండేది, ఏటిలో పోయే పడవను చూపించి చెప్పే కబురు ఉండేది. కొత్త ఇల్లు సిమెంటుతో గట్టిగా ఉంది, కరెంటు ఉంది, టీవీ ఉంది. అరుగు మాత్రం లేదు. సాయంత్రం పిల్లవాడు ఫోను పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు, ముసలమ్మ గుమ్మంలో ఊరికే కూర్చుంటుంది.

పుస్తకాల మూల అంటే పట్నాల్లో దుకాణాల వారు అమ్మే రంగు రంగుల బల్లలూ బీరువాలూ కాదు. పోయిన ఆ అరుగును ఇంటి లోపల తిరిగి పరచుకోవడమే. రోజూ ఒకే చోటు, రోజూ ఇంచుమించు ఒకే వేళ, పక్కన ఒక పెద్ద మనిషి, చేతిలో ఒక బొమ్మల పుస్తకం. ఈ నాలుగూ ఉంటే మూల ఉన్నట్టే.

ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి?

బడిలో వేసిన తరువాత చూద్దాం అనుకోవద్దు. బిడ్డ మెదడు అన్నింటికన్నా వేగంగా పెరిగేది మొదటి మూడేళ్లలోనే. ఆ వయసులో బిడ్డతో ఎన్ని మాటలు మాట్లాడితే, బిడ్డ చేసే చప్పుళ్లకు ఎన్నిసార్లు బదులు పలికితే, మాట అంత గట్టిగా పట్టుబడుతుంది. బడికి వెళ్లాక అక్షరం త్వరగా రావడానికి పునాది ఈ మాటలే.

ఈ సంగతిని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. అమెరికాలోని బోస్టన్ నగర ఆసుపత్రిలో 1989లో పిల్లల వైద్యులు, ఉపాధ్యాయులు కలిసి ఒక పని మొదలుపెట్టారు. పరీక్షకు వచ్చిన బిడ్డకు మందు చీటీతోపాటు ఒక బొమ్మల పుస్తకం కూడా ఇచ్చి, ఎలా చదివి వినిపించాలో తల్లికి చూపించేవారు. పుట్టిన నాటి నుంచే బిడ్డకు చదివి వినిపించండి అని 2014లో ఆ దేశపు పిల్లల వైద్యుల సంఘం అందరు తల్లిదండ్రులకూ సలహా ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ఏడాదిలోపు బిడ్డకు టీవీ, ఫోను అసలే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించకూడదు, అంతకన్నా తగ్గితే మరీ మంచిది. కూర్చుని ఉన్న వేళ కథలు చెప్పడం, చదివి వినిపించడం మేలు.

ఫోనులో కూడా కథలు వస్తున్నాయి కదా అని కొందరు అడుగుతారు. ఫోను కథ చెబుతుంది గాని బిడ్డ ముఖం చూడదు. బిడ్డ వేలు పెట్టి చూపించినప్పుడు ఆగదు. "ఏదమ్మా, ఇదా?" అని అడగదు. బిడ్డకు మాట నేర్పేది ఆ ఆగడమూ, ఆ అడగడమూను.

మూల ఎలా తయారుచేయాలి?

ముందుగా చోటు చూసుకోండి. ఒక చాప పరిచేటంత స్థలం చాలు. పగలు కిటికీ వెలుతురు పడాలి. పొయ్యికి, గ్యాసు బండకు, నీళ్ల తొట్టికి, కరెంటు బోర్డుకు దూరంగా ఉండాలి. టీవీకి ఎదురుగా వద్దు. చాప మీద పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి వేస్తే మెత్తగా ఉంటుంది, వారానికోసారి ఉతుక్కోవచ్చు.

తరువాత పుస్తకాలకు గుడ్డ సంచి. పాత నూలు చీరలో గట్టిగా ఉన్న భాగం చూసి, సుమారు ఒక మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు గల ముక్క రెండు మడతలుగా తీసుకోండి. చుట్టూ అంచు కుట్టండి. దాని మీద అడ్డంగా రెండు వరుసల్లో జేబులు కుట్టండి. జేబు లోతు సుమారు జానెడు ఉండాలి, పుస్తకం పై సగం బయటికి కనబడాలి. పసిబిడ్డ పుస్తకాన్ని పేరు చూసి కాదు, అట్ట మీది బొమ్మ చూసి గుర్తుపడతాడు. అందుకే పుస్తకాలు దొంతర పెట్టకుండా, ముఖం కనబడేలా ఉంచాలి. పై అంచును గొట్టంలా మడిచి కుట్టి, అందులో సన్నని వెదురు కర్ర దూర్చండి. కర్ర రెండు కొసలకూ పురికొస కట్టి గోడకు రెండు మేకులకు తగిలించండి. అంతే.

కొన్ని జాగ్రత్తలు మరచిపోవద్దు. కింది వరుస జేబులు నిలబడిన బిడ్డ రొమ్ము ఎత్తులో ఉండాలి. మేకులు మాత్రం బిడ్డకు అందని ఎత్తులో, లాగినా ఊడకుండా ఉండాలి. పురికొస ఉచ్చులా వేలాడకూడదు, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. అలంకారానికి పూసలు, గుండీలు కుట్టవద్దు. పసివాడు ముందు నోట్లో పెట్టుకుంటాడు. సాయంత్రం కరెంటు పోతే కిరోసిన్ దీపం, కొవ్వొత్తి ఆ గుడ్డ దగ్గరకు తీసుకురావద్దు. చార్జింగ్ లైటు వాడండి.

మన ప్రాంతంలో మలేరియా ఉంది గనుక ఇంకొక మాట. సందెవేళ మూలలో దోమలు ఉంటే, ఒక పుస్తకం తీసుకుని దోమతెరలోకి వెళ్లి చదవండి. దోమతెరలోకి రానని మారాం చేసే పిల్లలు కథ కోసం వస్తారు. ఒకే పనికి రెండు లాభాలు.

ఏ పుస్తకాలు పెట్టాలి?

నాలుగైదు పుస్తకాలు చాలు. అవే పదిసార్లు, ఇరవైసార్లు అడుగుతారు. విసుక్కోవద్దు. విన్నదే మళ్లీ వినడం పసివారి చదువు.

మొదటి పుస్తకాలు ఇంట్లోనే చేయవచ్చు. పెళ్లి శుభలేఖల అట్టలు తీసుకోండి. పాత క్యాలెండర్లలో, దినపత్రికల్లో ఆవు, కోడి, అరటిపండు, పడవ, బస్సు, చంటిబిడ్డ ముఖం వంటి బొమ్మలు కత్తిరించి అట్టకు ఒకటి చొప్పున అతికించండి. మైదాపిండి ఉడికించిన జిగురు సరిపోతుంది. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల పుస్తకానికి ఎంతమాత్రం కలపవద్దు. అట్టలను పిన్నులతో కాకుండా దారంతో కుట్టండి. ఏడాదిలోపు బిడ్డకైతే గుడ్డ ముక్కల మీదనే రంగు దారాలతో చేప, ఆకు, చందమామ కుట్టి పుస్తకంలా కలపండి. నోట్లో పెట్టుకున్నా ఉతికి ఆరేయవచ్చు.

కొనదలిస్తే చవక పుస్తకాలు ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం వారు తెలుగులో బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. నెట్ సెంటరులో ఒక కథను ప్రింటు తీయించుకుని దారంతో కుట్టుకోవచ్చు. శాఖా గ్రంథాలయం దగ్గరలో ఉంటే అడగండి. గ్రంథాలయాల మీద మక్కువ ఈ ఏటి ఒడ్డుకు కొత్త కాదు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయానికి మూలమైన వాసురాయ గ్రంథాలయాన్ని 1898లో స్థాపించిన నాళం కృష్ణారావు గారు అప్పటికి కుర్రవాడే.

కాలనీల్లో ఉంటున్న కుటుంబాలకు మేము ప్రత్యేకంగా చెప్పే పుస్తకం ఇంకొకటి ఉంది. దానికి "మన పాత ఊరు" అని పేరు పెట్టండి. పాత ఇంటి ఫొటో ఏదైనా ఉంటే ఒక అట్టకు అతికించండి. లేకపోతే గీయండి, బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. చింతచెట్టు ఒక పుటలో, రేవు ఒక పుటలో, గొడ్ల చావిడి ఒక పుటలో, తాతయ్య పడవ ఒక పుటలో. కింద ఏం రాయాలో ముసలమ్మను అడగండి. ఆమె చెప్పిన మాటలే పెద్ద అక్షరాలతో రాయండి. ఆ ఊరిని చూడని బిడ్డకు అది కథ. చూసి వచ్చిన అవ్వకు అది ఊరట. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టే పుస్తకం దానికి మించి మరొకటి మాకు తెలియదు.

"మాకు చదువు రాదండీ"

ఈ మాట మేము తరచుగా వింటుంటాము. చెప్పేవారు సిగ్గుతో తల దించుకుంటారు. అక్కాచెల్లెళ్లారా, మీ బిడ్డకు ఇప్పుడు కావలసింది మీ అక్షరం కాదు, మీ గొంతు. బొమ్మ చూసి చెప్పడానికి చదువు అక్కరలేదు.

ఇలా చేయండి. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని పుస్తకం ఇద్దరికీ కనబడేలా పట్టుకోండి. బొమ్మ మీద వేలు పెట్టి "ఇదేంటి?" అని అడగండి. అడిగి ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. పెద్దవారు చేసే పొరపాటు ఇక్కడే, బిడ్డ నోరు తెరిచేలోపే మనమే చెప్పేస్తాము. బిడ్డ "ఆవు" అంటే, "అవును, ఎర్రావు. గడ్డి మేస్తోంది" అని ఇంకో రెండు మాటలు కలపండి. "బౌ" అని కుక్కను చూపిస్తే, తప్పు అని దిద్దకుండా "అవును, కుక్క. బౌ బౌ అంటోంది" అనండి. మర్నాడు "మన ఆవు ఎక్కడికి పోయింది?" అని అడగండి. అడగడం, ఆగడం, కలపడం. ఈ మూడే.

ఇంట్లో కోయ మాట్లాడేవారు కోయలోనే చెప్పండి. బిడ్డ తెలుగులో వెనకబడతాడేమో అని భయపడవద్దు. ఒక భాషలో మాట బలంగా నాటుకున్న బిడ్డకు రెండో భాష తేలికవుతుంది. తల్లి తనకు బాగా వచ్చిన భాషలో ధారాళంగా మాట్లాడడమే బిడ్డకు మేలు.

తండ్రులకు కూడా ఒక మాట. ఇది ఆడవారి పని అనుకోవద్దు. కూలికి, మేస్త్రీ పనికి పొరుగూరు వెళ్లి చీకటి పడ్డాక వచ్చే తండ్రి అన్నం తినే ముందు పది నిమిషాలు ఆ చాప మీద కూర్చుంటే చాలు. బిడ్డ ఆ పది నిమిషాల కోసం గుమ్మం వైపు చూస్తుంటాడు.

ఒకటి మాత్రం చేయకండి. మూలను శిక్షకు వాడవద్దు. "అల్లరి చేస్తే పుస్తకం ముందు కూర్చోబెడతా" అనవద్దు. పుట చింపినందుకు కొట్టవద్దు. చిరిగిన చోట బిడ్డ చూస్తుండగా కాగితం అతికించండి. పలక పెట్టి అ, ఆ లు దిద్దించే తొందర కూడా ఇక్కడ వద్దు.

మూల చెప్పే ఆరోగ్య సంగతులు

రోజూ బిడ్డతో పుస్తకం చూసే తల్లికి బిడ్డ ఎదుగుదల కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఈ గుర్తులు చూసుకోండి.

ఆరు నెలలకు: పుస్తకం వైపు చేయి చాపుతుంది, నోట్లో పెట్టుకుంటుంది. ఇది చెడ్డ అలవాటు కాదు, బిడ్డ తెలుసుకునే తీరే అది.

ఏడాదికి: పేరు చెబితే బొమ్మ వైపు చూస్తుంది, వేలు పెట్టి చూపిస్తుంది.

ఏడాదిన్నరకు: "కోడి ఏదీ?" అంటే చూపిస్తుంది. కొన్ని మాటలు వస్తాయి.

రెండేళ్లకు: రెండు మాటలు కలిపి "అమ్మ రా", "పాలు కావాలి" అంటుంది.

మూడేళ్లకు: చిన్న చిన్న వాక్యాలతో కథలో ముక్కలు చెబుతుంది.

అందరు బిడ్డలూ ఒకే రోజున ఒకే మెట్టు ఎక్కరు. కాని ఏడాదిన్నర దాటినా ఒక్క మాటైనా రాకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలపలేకపోతే, వెనక నుంచి పిలిస్తే తిరగకపోతే, వచ్చిన మాటలు పోతుంటే "మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమే" అని ఊరుకోవద్దు. చెవి పరీక్ష, పిల్లల వైద్యుల పరీక్ష చేయించాలి. పుట్టిన నాటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఇటువంటి లోపాలను ఉచితంగా పరీక్షించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అంగన్‌వాడీ కార్యకర్తను గాని ఆశా కార్యకర్తను గాని అడిగితే వివరం చెబుతారు.

కళ్ల సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. బిడ్డ పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చూస్తుంటే, తల పక్కకు వంచి చూస్తుంటే, మెల్లకన్ను కనబడితే, సందె చీకట్లో తడుముకుంటుంటే కంటి వైద్యులకు చూపించండి. నల్లగుడ్డు మధ్యలో తెల్లగా మెరిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. పుస్తకం కంటికి సుమారు అడుగు దూరంలో ఉండాలి. ఎంత చదివినా పగలు కొంతసేపు ఆరుబయట ఆట తప్పనిసరి. కళ్లకూ ఒంటికీ అది మంచిది.

ఏరు పొంగినప్పుడు

ఏటి ఒడ్డున ఉన్నవారికి ఈ ఒక్క ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. ఇంత చేసుకున్నాక వరద వస్తే? 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. ఆ నీళ్లలో ఏమేమి పోయాయో చెప్పవలసిన పని లేదు.

మేము బల్లలు, బీరువాలు చెప్పకుండా గుడ్డ సంచి చెప్పడానికి అసలు కారణం ఇదే. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని వినగానే సంచిని మేకుల నుంచి తీయండి. పుస్తకాలు జేబుల్లోనే ఉంచి వెదురు కర్ర చుట్టూ చాపలా చుట్టండి. పాలిథిన్ కవరులో పెట్టి మూతి బిగించండి. రేషన్ కార్డు, ఆధార్, బిడ్డ టీకాల కార్డు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, రోజూ వేసుకునే మందులు పెట్టే సంచిలోనే దీన్నీ పెట్టండి. బరువు రెండు కిలోలు కూడా ఉండదు. ఆ పాలిథిన్ కవరు మాత్రం పసిపిల్లల చేతికి ఇవ్వవద్దు, తలకు తొడుక్కుంటే ఊపిరాడదు.

సహాయ శిబిరంలో బడి వరండా కిటికీ ఊచకు ఆ సంచిని తిరిగి తగిలించండి. కింద చాప వేయండి. ఇల్లు విడిచి వచ్చిన పసివాడు రాత్రి ఉలిక్కిపడతాడు, పక్క తడుపుతాడు, తల్లి కొంగు వదలడు. అటువంటి వేళ బిడ్డను నెమ్మదింపజేసేది తెలిసిన మనిషి, తెలిసిన గొంతు, రోజూ జరిగేది ఈరోజు కూడా జరగడం. గోడ మారినా మూల మారలేదని బిడ్డకు తెలుస్తుంది. చుట్టుపక్కల పిల్లలు కూడా చేరతారు, చేరనివ్వండి.

పుస్తకాలు నీళ్ల మీద ప్రయాణం చేయడం మనకు కొత్త కాదు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం పెట్టి కృష్ణా కాలువ వెంట పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య ఊరూరా పుస్తకాలు అందించారు. ఒక పడవ అంతమందికి చేయగలిగినది, ఒక గుడ్డ సంచి మన ఒక్క బిడ్డకు చేయలేదా?

వానాకాలం ముగిశాక పుస్తకాలను ఒకరోజు నీడన గాలికి ఆరబెట్టండి. జేబుల్లో ఎండిన వేపాకు వేస్తే పురుగు అంతగా చేరదు. బూజు పట్టిన పుస్తకం మాత్రం బిడ్డకు ఇవ్వవద్దు, ఆయాసం ఉన్న పిల్లలకు అది పడదు.

ఈ వారమే మొదలుపెట్టండి

నవంబరు 14 నుంచి 20 వరకు ఏటా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. అప్పటిదాకా ఆగనక్కరలేదు. ఈరోజు పెట్టెలోంచి పాత చీర తీయండి. రేపు జేబులు కుట్టండి. ఎల్లుండి నాలుగు అట్టలకు నాలుగు బొమ్మలు అతికించండి. ఆ సాయంత్రం చాప వేసి, గుమ్మంలో ఊరికే కూర్చున్న అవ్వను పిలిచి బిడ్డ పక్కన కూర్చోబెట్టండి. ఫోను ఇంకో గదిలో పెట్టండి.

తరువాతిసారి బిడ్డను బరువు చూపించడానికి తెచ్చినప్పుడు ఒక పుస్తకం కూడా తీసుకురండి. తూకం అయ్యాక బిడ్డ మాకు ఆ కథ చెబుతాడు. మేము వింటాము.